కుందేలు కింద ఏం పరవాలి, ముందు ఏం వేయాలి



పిల్లలు మారాం చేస్తే కుందేలుపిల్లను కొనిచ్చే ఇళ్లు ఇప్పుడు విజయవాడలోనూ వరంగల్లులోనూ కర్నూలులోనూ కనబడుతున్నాయి. కుందేలుతో పాటు కొట్టువాళ్లు ఇనపతీగల బోను ఒకటి, రంగురంగుల గింజలూ గుళికలూ కలిపిన దాణా పొట్లం ఒకటి, ఘుమఘుమలాడే చెక్కపొట్టు సంచి ఒకటి చేతిలో పెడతారు. ఎండుగడ్డి మాట చాలాచోట్ల ఎత్తనే ఎత్తరు. ఇంటికొచ్చాక పిల్లలు క్యారెట్టు ముక్కలు పెడతారు, పెద్దవాళ్లు కాస్త అన్నమో బిస్కెట్టో పెడతారు. కొన్నాళ్లకు కుందేలు తిండి మానేసి ఓ మూల ముడుచుకుని కూర్చుంటుంది. ఏమైందో ఇంట్లోవాళ్లకు అంతుపట్టదు. కుందేళ్ల సంగతి తెలిసిన పశువైద్యులు అప్పుడు మొదట ఆరా తీసేది రెండు విషయాలు: ముందు ఏం వేస్తున్నారు, కింద ఏం పరిచారు?

వినడానికి ఇవి వేర్వేరు ప్రశ్నలు. కుందేలు విషయంలో రెండూ ఒకటే. కాళ్ల కింద ఉన్నదాన్ని కొరికి చూడకుండా అది ఉండలేదు. గడ్డి మీద పడుకుంటుంది, పడుకున్న గడ్డినే లాక్కుని తింటుంది, తింటూనే పెంటికలు వేస్తుంది. అందుకని బోనులో పరిచేదాన్ని ఎంచుకునేటప్పుడు మెత్తగా ఉందా, వాసన పీల్చుకుంటుందా అని చూసేముందు, కుందేలు దీన్ని మింగితే ఏమవుతుందని ఆలోచించాలి. ఆ పరీక్షకు నిలవనిది ఎంత ఖరీదైనదైనా, ఎంత అందమైన పొట్లంలో వచ్చినా బోనులోకి రాకూడదు.

ఇళ్లలో పెరిగే కుందేలు మన పొలాల గట్ల మీద పరుగెత్తే చెవులపిల్లి కాదు. చెవులపిల్లి వన్యప్రాణి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది. దాన్ని పట్టి పెంచడం నేరం. అది బొరియలో కాపురం ఉండదు. గడ్డిదుబ్బుల మాటున నేలమీదే ఈనుతుంది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. పెంపుడు కుందేలు పుట్టినిల్లు వేరు. స్పెయిన్, పోర్చుగల్ దేశాలున్న ఐబీరియా ద్వీపకల్పం దాని పూర్వీకుల నేల. అవి మట్టిలో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతికాయి, ముతక గడ్డి మేసి కడుపు నింపుకున్నాయి. మనుషులు ఎన్ని జాతులు పుట్టించినా, తెల్లవీ మచ్చలవీ చెవులు వేలాడేవీ అన్నీ ఆ బొరియ కుందేలు సంతానమే. పళ్లూ పేగులూ పాదాలూ ఆ గడ్డినేలకు తగ్గట్టు తయారైనవే.

ముందు పళ్ల సంగతి. కుందేలుకు 28 పళ్లు. అన్నీ బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్లు వారానికి సుమారు రెండు మిల్లీమీటర్లు పెరుగుతాయి. పైకి కనబడేవి ఇవే కాబట్టి అందరి చూపూ వీటిమీదే ఉంటుంది. అసలు చిక్కు లోపలి దవడపళ్లతో వస్తుంది. గడ్డిపోచను నమిలేటప్పుడు కుందేలు దవడను పక్కకు జరుపుతూ తిరగలి తిప్పినట్టు నూరుతుంది. ఆ నూరుడుకే దవడపళ్లు సమంగా అరుగుతాయి. గుళికల దాణా తినేటప్పుడు దవడ పైకీ కిందికీ మాత్రమే ఆడుతుంది. గుళిక చటుక్కున నలిగిపోతుంది, పళ్లకు పని ఉండదు. అరగని చోట పంటి అంచు సూదిలా పెరిగి నాలుకనూ బుగ్గలోపలి చర్మాన్నీ కోస్తుంది. ఆకలితో గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, నోట పెట్టుకుని వదిలేసే కుందేలుకు చాలాసార్లు ఉన్న జబ్బు ఇదే.

దీన్ని లెక్కకట్టి చూసినవాళ్లున్నారు. స్కాట్లాండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం పశువైద్య పరిశోధకులు 32 కుందేళ్లను నాలుగు జట్లుగా విడదీసి 17 నెలలు గమనించారు. ఒక జట్టుకు ఎండుగడ్డి మాత్రమే వేశారు. ఇంకో జట్టుకు గడ్డితో పాటు ఒకే రకం గుళికలు, మూడో జట్టుకు గడ్డితో పాటు గింజలూ అటుకుల్లాంటి రేకులూ కలిపిన రంగుల దాణా, నాలుగో జట్టుకు ఆ రంగుల దాణా ఒక్కటే పెట్టారు. గడ్డి లేకుండా రంగుల దాణా తిన్న కుందేళ్ల పళ్లు పొడుగెక్కి వంపు తిరగడం మొదలైంది. దాణా తిన్నవాటిలో నచ్చిన ముక్కలు ఏరుకుని మిగతావి వదిలేయడం, ఒళ్లు పెరగడం కూడా కనబడ్డాయి. మన పెట్ షాపుల్లో ముందువరసలో పేర్చి అమ్మేది కూడా చాలావరకు ఆ తరహా కలగలుపు దాణాయే.

ఇక పేగులు. కుందేలు వాంతి చేసుకోలేదు. లోపలికి వెళ్లింది ముందుకు సాగిపోవలసిందే, వెనక్కి వచ్చే దారి లేదు. ఆ సాగుడు ఆగకుండా నడిపించేది పీచు. పెద్దపేగులో ఓ వింత ఏర్పాటుంది. అరగని పీచు ముక్కలను అది వేరుచేసి గుండ్రటి గట్టి పెంటికలుగా బయటకు తోసేస్తుంది. సన్నటి నలుసులనూ ద్రవాన్నీ వెనక్కి, అంధాంత్రం అనే పెద్ద సంచిలోకి పంపుతుంది. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి బి విటమిన్లూ మాంసకృత్తులూ తయారుచేస్తాయి. ఆ సరుకు ద్రాక్షగుత్తిలా అంటుకున్న మెత్తటి పెంటికలుగా వస్తుంది. కుందేలు వాటిని నేలమీద పడనివ్వకుండా మలద్వారం దగ్గరే నోటితో అందుకుని మింగేస్తుంది. ఎక్కువగా ఇది రాత్రీ తెల్లవారుజామునా జరుగుతుంది. అది చూసి అసహ్యపడనక్కరలేదు, ఆపడానికి అసలే ప్రయత్నించకూడదు. అలా రెండోసారి తిన్నప్పుడే దానికి ఆహారం పూర్తిగా ఒంటబడుతుంది.

పీచు తగ్గితే ఈ యంత్రం మందగిస్తుంది. పిండిపదార్థమూ తీపీ ఎక్కువైతే అంధాంత్రంలోని సూక్ష్మజీవుల తీరు తప్పి గ్యాసు పుడుతుంది, పేగు కదలడం మానేస్తుంది. అందుకే ఆహారంలో 80 శాతానికి పైగా ఎండుగడ్డే ఉండాలని వైద్యులు పదేపదే చెబుతారు. పూటపూటకూ కుందేలు ఒంటి పరిమాణమంత గడ్డికుప్ప దాని ముందు ఉండాలి, అది అయిపోకూడదు. రెండు కిలోల కుందేలు రోజుకు సుమారు వంద గ్రాముల ఎండుగడ్డి తింటుంది. తొక్కి పారేసేదాన్ని కూడా లెక్కేస్తే నెలకు మూడు నాలుగు కిలోలు సిద్ధంగా ఉంచుకోవాలి. గుళికలు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు మించనక్కరలేదు. క్యారెట్టు తీపి దుంప, వారానికి ఒకటి రెండు చిన్న ముక్కలు చాలు.

ఏ గడ్డి వేయాలి? ఎవరిని అడిగినా మొదట వచ్చే పేరు తిమోతి. 18వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలో దాన్ని వ్యాప్తిలోకి తెచ్చిన తిమోతి హాన్సన్ అనే రైతు పేరు దానికి స్థిరపడింది. అది చలిదేశపు గడ్డి, మన ఎండలకు నిలవదు. అందువల్ల ఇక్కడ దొరికే తిమోతి పొట్లం దాదాపు ఎప్పుడూ సముద్రం దాటి వచ్చినదే. ధర దానికి తగ్గట్టే ఉంటుంది. మొదటి కోత గడ్డిలో కాడలూ కంకులూ ఎక్కువ, పీచు ఎక్కువ. రెండో కోతలో ఆకు పెరుగుతుంది. మూడో కోత మెత్తగా ఆకుమయంగా ఉంటుంది, పీచు తక్కువ. కొనగలిగినవాళ్లు పెద్ద కుందేలుకు మొదటి కోతో రెండో కోతో తీసుకుంటే మంచిది. పొట్లం మీద ఏ కోతో రాసి ఉంటే చూసుకోవాలి.

తిమోతి కొనలేక గడ్డే మానేసిన ఇళ్లున్నాయి. ఇది నిజంగా బాధ కలిగించే సంగతి. ఎందుకంటే మన కాళ్ల కిందే గరిక ఉంది. వినాయక చవితికి కట్టలు కట్టి అమ్మే ఆ గరికనే అమెరికాలో బెర్ముడా గడ్డి అంటారు. జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రజ్ఞుడు దాని నుంచి మెరుగైన రకం తయారుచేసి 1943లో విడుదల చేస్తే, దక్షిణాది రాష్ట్రాల్లో పశువులకూ గుర్రాలకూ అదే ముఖ్యమైన ఎండుగడ్డి అయింది. కుందేలుకూ అది పనికొస్తుంది. పాడిరైతులు వేసే రోడ్స్ గడ్డి, గినీ గడ్డి, ఓట్స్ గడ్డి కూడా ఎండబెట్టి వేయవచ్చు. నెల్లూరు వైపు పశువులకు ఇష్టమైన చెంగలి గడ్డి కూడా సన్నకాడ గడ్డే. గుర్రాలను పెంచేచోట్లకు ఎండుగడ్డి సరఫరా చేసేవాళ్లను అడిగితే చిన్న మొత్తంలో దొరికే అవకాశం ఉంటుంది. పశుగ్రాసం వేసిన రైతు దగ్గరైతే మోపు కొని ఇంట్లోనే ఎండబెట్టుకోవచ్చు.

గరికను ఎండబెట్టడం కష్టమైన పనేమీ కాదు, కాకపోతే ఓపిక కావాలి. మంచు ఆరాక, పొద్దు కాస్త ఎక్కాక కొయ్యాలి. కంకి వేసేముందో అప్పుడప్పుడే కంకి తొంగిచూస్తున్నప్పుడో కోస్తే ఆకూ కాడా రెండూ బాగుంటాయి. కోసినదాన్ని నీడలో, గాలి ఆడే వరండాలో నులక మంచం మీద పలచగా పరచాలి. నులక సందుల్లోంచి కింది గాలి కూడా తగులుతుంది. పొద్దునా సాయంత్రమూ తిరగెయ్యాలి. ఎర్రటి ఎండలో పడేస్తే పచ్చదనం పోయి పసుపుగా వెలిసిపోతుంది. ఎండకాలమైతే రెండు రోజులు, ముసురు పట్టిన రోజుల్లో నాలుగైదు రోజులు పడుతుంది. కాడను వేళ్ల మధ్య మెలిపెడితే తడి తగలకుండా ఫట్‌మని విరగాలి. ఐదు కిలోల పచ్చి గరిక ఎండితే కిలోన్నరకు మించదు. కాబట్టి ఒకేసారి ఎక్కువ కోసుకోవాలి.

ఎక్కడ కోస్తున్నామన్నది అంతకంటే ముఖ్యం. రోడ్డు పక్క గరికలో వాహనాల పొగా కుక్కల మూత్రమూ ఉంటాయి. పొలంగట్ల గరికమీద కలుపుమందు పడి ఉండవచ్చు. రైతును అడక్కుండా కోయకూడదు. కోసిన గడ్డిలో వయ్యారిభామ మొక్కలు కలిసి ఉంటే ఒక్కటీ మిగలకుండా ఏరెయ్యాలి. గడ్డి కోసే మర మింగి ఉమ్మేసిన లాన్ గడ్డిని ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు. అది గంటల్లోనే వేడెక్కి పులిసిపోతుంది. కుందేలు కడుపులోకి వెళ్లాక కూడా పులుస్తూనే ఉంటుంది.

ఇక మన ఊళ్లలో ఎండుగడ్డి అనగానే ఎవరైనా చెయ్యి చూపేది గడ్డివాము వైపే. వరిగడ్డి ధాన్యం రాలగా మిగిలిన కాడ. అందులో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు. సిలికా ఎక్కువ, రుచి తక్కువ. నాలుగు గదుల పొట్ట ఉన్న గేదె దాన్ని అరిగించుకుని బతకగలదు, కుందేలు బతకలేదు. బోనులో పక్కగా పరచడానికి శుభ్రమైన వరిగడ్డి ఫరవాలేదు. అప్పుడప్పుడు నాలుగు పోచలు కొరికినా హాని లేదు. దాన్నే తిండిగా వేస్తే మాత్రం కుందేలు కడుపునిండా తిని కూడా చిక్కిపోతుంది. జొన్నచొప్ప ముదిరి బాగా ఎండినదైతే కాస్త వేయవచ్చు. లేత జొన్నపైరు మేసి పశువులు పడిపోవడం మన రైతులకు తెలిసినదే. అందులోని సైనైడు విషం కుందేలును కూడా వదలదు.

లూసర్న్ గురించి వేరుగా చెప్పాలి. కుందేలు దాన్ని ఎంతో ఇష్టంగా తింటుంది, అందుకే చాలామంది అదే వేస్తారు. కానీ అది పప్పుజాతి మేత. సాధారణ గడ్డిలో ఎనిమిది పది శాతం మాంసకృత్తులుంటే ఇందులో అంతకు రెట్టింపు దాకా ఉంటాయి. సున్నం, అంటే కాల్షియం, రెండు మూడింతలు ఉంటుంది. మనుషుల పేగులు సున్నాన్ని అవసరం మేరకే పీల్చుకుంటాయి. కుందేలు పేగులు ఎంత పెడితే అంతా పీల్చుకుని, మిగిలినదాన్ని మూత్రంలో పంపేస్తాయి. పెద్ద కుందేలుకు రోజూ లూసర్న్ వేస్తే మూత్రం సున్నపునీళ్లలా చిక్కబడి, మూత్రాశయంలో బురదలా పేరుకుని చివరికి రాయి కడుతుంది. ఎదిగే పిల్లలకూ, కడుపుతో ఉన్నదానికీ, పాలిచ్చేదానికీ లూసర్న్ మంచిదే. ఆరేడు నెలల వయసు దాటాక నెమ్మదిగా తగ్గించి మామూలు గడ్డికి మార్చాలి. దశరథ గడ్డి, పిల్లిపెసర కూడా పప్పుజాతివే, అదే జాగ్రత్త వాటికీ వర్తిస్తుంది. సుబాబుల్ ఆకులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, ఎక్కువగా తింటే కుందేలు బొచ్చు ఊడిపోతుంది. దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

కొన్న గడ్డయినా ఎండబెట్టుకున్నదయినా వేసేముందు పిడికెడు తీసి చూడాలి. మంచి గడ్డికి లేత ఆకుపచ్చ రంగు ఇంకా మిగిలి ఉంటుంది, ముక్కు దగ్గర పెడితే కమ్మటి వాసన వస్తుంది. నల్లటి గుడ్డమీద దులిపితే పొడి రాలకూడదు. ముక్కిన వాసన, తెల్లటి బూజు, నల్లమచ్చలు, ముట్టుకుంటే చెమ్మ, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ మోపంతా బయట పారెయ్యాల్సిందే. బూజు పట్టిన చోటు తీసేసి మిగతాది వేద్దామన్న పొదుపు ఇక్కడ పనికిరాదు. కాకినాడ, విశాఖపట్నం లాంటి తీరప్రాంతాల్లో శ్రావణ భాద్రపదాల చెమ్మకు గడ్డి ఇట్టే పాడవుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టకూడదు. గుడ్డసంచిలోనో గోనెలోనో అట్టపెట్టెలోనో వేసి, నేలకు తగలకుండా పలక మీద ఎత్తున పెట్టుకోవాలి.

ఇప్పుడు కింద పరిచేదాని సంగతి. 1967లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎలియట్ వెసెల్ సైన్స్ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. ఎలుకలకు మత్తుమందు ఇచ్చి ఎంతసేపు నిద్రపోతాయో చూసినప్పుడు, దేవదారు జాతి చెక్కపొట్టు మీద ఉంచినవి త్వరగా మేలుకున్నాయి. ఆ చెక్క వాసనకు వాటి కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములు చురుకెక్కి, మత్తుమందును ముందే ఖర్చు చేసేశాయి. ముక్కుకు హాయిగా తోచిన సుగంధం కాలేయాన్ని రాత్రింబవళ్లు పనిలో పెడుతోందన్నమాట. దేవదారు, పైన్ పొట్టుల మీద చిన్న జంతువులను పెంచకూడదన్న హెచ్చరికకు మూలం ఇలాంటి పరిశోధనలే. బట్టీలో బాగా వేడిచేసి ఒత్తి చేసిన చెక్క గుళికల్లో ఆ ఆవిర్లు చాలావరకు పోతాయి, ఆ గుళికలు నీరు కూడా బాగా పీల్చుకుంటాయి. అవి కుందేలు మూత్రం పోసే ట్రేలో అడుగున వాడదగినవి. ఘుమఘుమలాడే పొట్టు సంచి మాత్రం కొట్టులోనే వదిలి రావడం మంచిది.

ఊళ్లో సామిల్లు నుంచి తెచ్చే రంపపుపొట్టు ఉచితంగానో చవగ్గానో దొరుకుతుంది. అందులో టేకు, వేప, తుమ్మ, మామిడి ఏది ఎంత కలిసిందో మిల్లువాళ్లకు కూడా తెలియదు. ప్లైవుడ్ కోసినచోటైతే జిగురు రసాయనాలు కూడా ఉంటాయి. పైగా అది పిండిలా సన్నం. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, మనలా నోటితో తీయడం దానికి అలవాటు లేదు. ముక్కులో దుమ్ము చేరితే జలుబు పట్టి, ముందరికాళ్లతో ముక్కు తుడుచుకుంటూ తుమ్ముతూ ఉంటుంది. కోళ్లఫారాల్లో పరిచే వరి ఊక చూడటానికి బాగానే ఉన్నా మొనలు గుచ్చుకుంటాయి, తడి పీల్చదు. రాయలసీమలో విరివిగా దొరికే వేరుశనగ పొట్టు అంతకంటే ప్రమాదం. దానికి పట్టే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది, ఆ విషానికి తొందరగా లొంగిపోయే జంతువుల్లో కుందేలు ఒకటి. కొబ్బరిపీచు పోగులు మింగితే పేగులో ఉండ చుట్టుకుంటాయి, పాదాలకు మెలివేసుకుంటాయి. చెరకుపిప్పి నిలవలో బూజు పడుతుంది. పిల్లుల కోసం అమ్మే, తడి తగలగానే ముద్దకట్టే మట్టి మాత్రం అసలే వద్దు. కుందేలు దాన్ని నాకితే లోపల కూడా అలాగే ఉబ్బి ముద్ద కట్టి దారి మూసేస్తుంది.

బోను అడుగు తీగలదైతే పైన ఎంత మంచి గడ్డి పోసినా ఫలితం సగమే. కుక్కకూ పిల్లికీ పాదం కింద మెత్తటి గద్దెలుంటాయి. కుందేలు పాదానికి బొచ్చే రక్ష. తీగల మీద రోజంతా నిలబడితే ఆ బొచ్చు అరిగి, చర్మం ఎర్రబడి, పుండు పడుతుంది. ఆ పుండు ఎముకదాకా వెళ్లినప్పుడు నయం చేయడం చాలా కష్టం. తీగల అడుగు పెంపకపు ఫారాల నుంచి వచ్చింది. పెంటికలు కిందికి రాలిపోవాలని, శుభ్రం చేసే శ్రమ తగ్గాలని చేసిన ఏర్పాటది. ఇంట్లో ఒకటో రెండో కుందేళ్లను ప్రేమగా పెంచుకునేవాళ్లకు దాంతో పని లేదు. తీగల మీద అట్టముక్కో చెక్కపలకో వేసి, పైన మందంగా పాత నూలుగుడ్డో జంపఖానా ముక్కో పరిస్తే సరిపోతుంది. గుడ్డను కొరికి మింగే కుందేలైతే దాన్ని తీసేసి గడ్డే వేయాలి.

అన్నిటికంటే చవకగా, నమ్మకంగా కుదిరే ఏర్పాటు ఒకటుంది. కుందేలు ఎక్కడపడితే అక్కడ మూత్రం పోయదు, ఒక మూలను ఎంచుకుంటుంది. ఆ మూల ఏదో రెండు రోజులు గమనించి అక్కడ వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే పెట్టాలి. అడుగున మామూలు దినపత్రిక ఐదారు పొరలుగా వేయాలి, మెరిసే రంగుల అనుబంధాల కాగితం వద్దు. దానిమీద చెక్క గుళికలో కాగితపు గుళికలో ఉంటే ఒక పొర, లేకపోతే ఇంకాస్త కాగితం చింపి వేయాలి. ఆ పైన ఎండుగడ్డి దట్టంగా పరచాలి. తినే గడ్డి పెట్టిన బుట్టను ట్రే అంచుకు ఆనించి, కుందేలు ట్రేలో కూర్చుంటేనే అందేలా కట్టాలి. కుందేలు తింటూ పెంటికలు వేసే జంతువు కాబట్టి రెండు పనులూ అక్కడే అయిపోతాయి. మిగతా బోను పొడిగా ఉంటుంది. తడిసిన గడ్డీ కాగితమూ రోజూ తీసి, రెండు మూడు రోజులకోసారి ట్రే మొత్తం ఖాళీ చేసి కడగాలి. మూత్రపు ఘాటు మన ముక్కుకు తగులుతోందంటే, నేలకు ఆనుకుని ఊపిరి తీసే కుందేలుకు అది అప్పటికే కళ్లు మండించేంత ఉందని అర్థం. వానాకాలంలో ఇంకో భయం కూడా ఉంది. తడిసిన వెనకభాగం మీద ఈగలు గుడ్లు పెడితే ఒక్కరోజులోనే పురుగులు పుట్టి చర్మాన్ని తొలిచేస్తాయి. ఆ కాలంలో రోజూ కుందేలును ఎత్తి తోక కింద చూడాలి.

మన ఎండాకాలానికి పక్క మార్చక తప్పదు. కుందేలుకు చెమట పట్టదు, ముఖ్యంగా చెవుల్లోని రక్తనాళాల ద్వారా వేడి పోగొట్టుకుంటుంది. 30 డిగ్రీలు దాటితే ఆయాసపడుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీలు కాసే రోజుల్లో మందపాటి గడ్డిపక్క దానికి కంబళి కప్పినట్టే. మే నెలలో గడ్డి ట్రేలో మాత్రమే ఉంచి, మిగతాచోట్ల నేలకు వేసే టైల్స్ ముక్కలు రెండు పరిస్తే కుందేలు వాటిమీద పొట్ట ఆన్చి పడుకుంటుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్లసీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టవచ్చు. కూలరు గాలి గడ్డిమీద నేరుగా పడకుండా చూసుకోవాలి, చెమ్మకు గడ్డి బూజెక్కుతుంది.

ఈనే కుందేలుకు మాత్రం ఏ కాలమైనా మెత్తటి గడ్డి కావాలి. దాని చూలు 31 రోజులు. పురుడు దగ్గర పడ్డప్పుడు దాన్ని చూసినవాళ్లు మరిచిపోరు. గడ్డిపోచలను నోట్లో అడ్డంగా, రెండు పక్కలా మీసాల్లా వేలాడేటట్టు కరుచుకుని పెట్టెలోకి మోస్తుంది. గుంట చేసి సర్దుతుంది, మళ్లీ వస్తుంది. తర్వాత తన పొట్టమీది బొచ్చే పీక్కుని ఆ గుంటలో పరుస్తుంది. పుట్టే పిల్లలకు బొచ్చు ఉండదు, పది రోజులదాకా కళ్లు తెరవవు, ఆ గూడే వాటికి వెచ్చదనం. తల్లి రోజుకు ఒకసారి, నాలుగైదు నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. వదిలేసిందని కంగారుపడి గూడు కదపకూడదు. ఆ పెట్టెలో రంపపుపొట్టు పోస్తే పసికూనల ముక్కులు మూసుకుపోతాయి. సన్నటి ఎండుగరిక ఉంటే దాన్ని మించింది లేదు.

ఇన్నాళ్లూ గడ్డి రుచి తెలియని కుందేలుకు ఒక్కసారిగా దాణా ఆపేయకూడదు. రెండు మూడు వారాల్లో గుళికలు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, గడ్డిలో కాసిన్ని కొత్తిమీర కాడలు కలిపి, పొద్దునా సాయంత్రమూ తాజాగా మార్చి వేస్తే అలవాటు పడుతుంది. పెంటికలే దాని ఆరోగ్యం చెబుతాయి. పెద్దవిగా, గుండ్రంగా, లేత రంగులో ఉండి, విరిస్తే లోపల గడ్డిపీచు కనబడితే అంతా బాగున్నట్టే. చిన్నవై నల్లబడితే, సంఖ్య తగ్గితే పీచు చాలడం లేదు.

కుందేలు ఇంట్లో ఉన్న శ్రోతలకు ఒక్క విన్నపం. పన్నెండు గంటలపాటు అది గడ్డి ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా రేపు చూద్దామని ఆగకండి. అది వెంటనే వైద్యం అందవలసిన స్థితి. కుక్కలనూ పశువులనూ చూసే వైద్యులందరికీ కుందేళ్లతో అనుభవం ఉండకపోవచ్చు. కాబట్టి మీ ఊళ్లో, దగ్గరి పట్టణంలో కుందేళ్లను చూసే డాక్టరు ఎవరో ఈ వారంలోనే కనుక్కుని, ఫోను నంబరు రాసి బోను పక్క గోడకు అంటించి పెట్టుకోండి.